లాయరుగారి సోఫా

“కూర్చోండి. కాళ్ళు బార్లా చాపుకుని హాయిగా కూర్చోండి. మన సోఫాయే కదా!” అంది భార్య.

సోఫా మేస్త్రీ కూర్చోలేదు. కూతురి ఫీజు సాయం కోసం విచారణకు వచ్చిన కాలేజీ మేడమ్ మెట్లు దిగి వెళ్ళి ఎంతో సేపు కాలేదు. ఆవిడ తాగిన టీ కప్పు ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది. ఆ కప్పు కూడా వీళ్ళది కాదు, కింది వాటా పెద్దావిడది.

ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సోఫాయే. ముదురు గోధుమరంగు అసలు తోలు, వీపుకి వరసగా గుండీలు, చేతుల చివర ఇత్తడి మేకులు. దాన్ని తప్పించుకుని వంటగదిలోకి వెళ్ళాలంటే పొట్ట లోపలికి పీల్చి పక్కకి తిరిగి నడవాలి. పని మేస్త్రీది, సోఫా లాయరుగారిది. రేపు పొద్దున్నే వాళ్ళింట్లో దింపాలి. షెడ్డు నుంచి తిన్నగా అక్కడికి వెళ్ళాల్సిన సోఫా ఒక్కరోజు ముందు దారి తప్పి, ఈ ఇరుకు మెట్లెక్కి, మేస్త్రీ ఇంట్లో మకాం వేసింది.

కూతురు గోడకి చేరగిలబడి నేల మీద కూర్చుంది. చిన్నప్పుడు వాగుడు ఆపేది కాదని దానికి పిట్ట అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పొద్దుటి నుంచీ గలగల్లాడిన పిల్ల ఇప్పుడు కిక్కురుమనడం లేదు.

“చూడండి దాని మొహం,” అంది భార్య. “రెండు చోట్ల తిప్పి పంపించారు. ఇది ఆఖరిది. నేను పనిచేసే స్కూల్లో టీచరుగారి పుణ్యాన ఈ సాయం సంగతి తెలిసింది. తెలిసిన దగ్గర్నించీ అది లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళు కాయలు కాసేలా దరఖాస్తు నింపింది. ఒక్క మాటతో మీరు అదంతా మట్టిపాలు చేశారు.”

“ఇప్పుడేమైందని? ఆవిడ ఏమైనా అందా?”

“అంటారా? ఫోటోలు తీసుకుని నవ్వుతూ వెళ్ళారు. అనేవాళ్ళతో భయం లేదండీ.”

నిజానికి జరిగింది చిన్న సంగతే. మేడమ్ గదంతా కలయజూసి, సోఫాలో కూర్చుని, దాని చేతి మీద వేలు రాసి, “చాలా బాగుందండీ. ఇది మీదేనా?” అని అడిగింది. కాదమ్మా, ఒకరికి చేసిచ్చేది, అంటే సరిపోయేది. మేస్త్రీ నోరు తెరిచింది కూడా అందుకే. కానీ నోట్లోంచి ఊడిపడింది వేరు. “మాదేనమ్మా” అన్నాడు. మంచినీళ్ళు తెస్తున్న పిట్ట గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసులో నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి. మేడమ్ మాత్రం అవును కాబోలనుకుని తల ఊపి, ఫోను తీసి, సోఫాకి ఓ ఫోటో, కర్టెన్లకి ఓ ఫోటో, గాజు కప్పులున్న ట్రేకి ఓ ఫోటో తీసుకుంది.

“నువ్వు చెప్పొచ్చుగా మరి? పక్కనే ఉన్నావుగా!” అన్నాడు మేస్త్రీ.

“మీరు మాదేనన్నాక, కాదండీ మా ఆయన అబద్ధం చెప్తున్నారని నేననాలా? పరాయి మనిషి ముందు?”

“అన్నీ నా నెత్తిన రుద్దకు. కప్పులు అరువు తెచ్చిందెవరు? కర్టెన్లు గంజి పెట్టి ఇస్త్రీ చేసిందెవరు? ప్లాస్టిక్ కుర్చీలు డాబా మీదికి మోసిందెవరు?”

“ఇంత సోఫా తెచ్చి హాల్లో పడేశాక, దాని పక్కన కాలు విరిగి తాడు కట్టిన కుర్చీ వేస్తే ఏం బాగుంటుందండీ? మీ సోఫాకి తగ్గట్టు ఇల్లు సర్దాను. అదా నా తప్పు?”

అదీ తప్పే. కానీ ఆ మాట పైకి అనే ధైర్యం మేస్త్రీకి లేదు. టీ కప్పు తీసి, సింకు దగ్గరికి తీసుకెళ్ళి, అవసరం లేనంత సేపు కడిగాడు.

కప్పు తుడుస్తూనే అన్నాడు, “నేనేదో గొప్ప కోసం చేశాననుకుంటున్నారా ఇద్దరూ?”

భార్య ట్రేలోని మిగతా కప్పులు తెచ్చి అతని పక్కన పెట్టింది.

“ఫోమ్ కొట్టాయన నాకు సరుకు అరువు ఎలా ఇస్తాడో తెలుసా? నా పని చూసి కాదు, నా చొక్కా చూసి. మాసిన చొక్కాతో వెళ్ళిన రోజున ఒక్క షీటు కూడా ఇవ్వడు, పాత బాకీ గుర్తు చేసి పంపిస్తాడు. ఇస్త్రీ చొక్కాతో వెళ్తే మేస్త్రీగారూ అంటాడు, టీ తెప్పిస్తాడు. ఇన్నేళ్ళలో నాకు ఎవడైనా ఏదైనా ఇచ్చాడంటే, అవసరం లేనివాడిలా నిలబడ్డప్పుడే ఇచ్చాడు. అడుక్కునేవాడిలా కనిపిస్తే నా పిల్లకి మాత్రం ఇస్తారా? పద్ధతైన ఇల్లు, పద్ధతైన మనుషులు, ఇలాంటి పిల్లని చదివిస్తే దండగ పోదు అనుకోవాలని…”

“ఇది అరువు కాదండీ,” అంది భార్య. ఆమె గొంతులో కోపం సగం తగ్గింది, దాని స్థానంలో వచ్చిన జాలి మేస్త్రీకి ఇంకా కష్టంగా ఉంది. “తిరిగి కడతామా లేదా అని చూడ్డానికి రాలేదు ఆవిడ. మనకి నిజంగా లేదా అని చూడ్డానికొచ్చింది.”

“లేదని ఎదుటి మనిషికి చూపించుకోవడమేంటే?”

“లేదు కాబట్టి!”

అప్పుడు మాట్లాడింది పిట్ట.

“నాన్నా, ఆవిడ ఒళ్ళో ఫైలుంది, చూశావా?”

“చూశాను.”

“అందులో పైనున్న కాగితం నాది. సాయం ఎందుకు కావాలో మీ మాటల్లో రాయండి అన్నారు. రాశాను.”

“ఏం రాశావు?”

పిట్ట బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. “మా నాన్న సోఫాలు చేస్తాడు. మా ఇంట్లో సోఫా లేదు. ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఎవరైనా వస్తే వాళ్ళకి కుర్చీ ఇచ్చి మేం నేల మీద కూర్చుంటాం. పనంతా అయ్యాక నాన్న ప్రతి సోఫానీ మోకాలితో నొక్కి చూస్తాడు కానీ, దాని మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అని రాశాను.”

మేస్త్రీ కప్పు తుడవడం ఆపాడు.

తనని పిల్ల ఇంతగా గమనించిందా? ముందు ఆ ఆశ్చర్యమే కలిగింది. తర్వాత సిగ్గు ముంచుకొచ్చింది. తను మోకాలితో నొక్కడం, తన ఇంటి కుర్చీలు, తను నేల మీద కూర్చోవడం ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు ఓ బల్ల చుట్టూ చేరి చదువుకుంటారు. అయ్యో పాపం అంటారు కూడానేమో.

“ఇంటి గుట్టు ఊరందరికీ చెప్పుకుంటామా, పిట్టా?”

“ఊరందరికీ కాదు. అడిగినవాళ్ళకి. నిజంగా ఉన్నదే రాశా కదా నాన్నా!”

“ఆదాయం కాలమ్‌లో కూడా అంతే చేశావు. కాస్త పెంచి రాయవే, మరీ నవ్వులపాలవుతాం అంటే వినలేదు.”

“పెంచి రాస్తే సాయం ఎలా ఇస్తారండీ!” భార్య తల పట్టుకుంది. “ఈ మనిషికి ఎలా చెప్పాలి భగవంతుడా!”

పిట్ట లేచి నిలబడింది. కోపంగా లేదు. కోపంగా ఉంటేనే మేస్త్రీకి తేలిగ్గా ఉండేది.

“మా ఇంట్లో సోఫా లేదని చదివి వచ్చిందావిడ. వచ్చేసరికి ఇది ఉంది. మాదేనని నువ్వన్నావు. ఇంటి యజమానివి, పెద్దవాడివి, నీ మాటే నమ్ముతుంది. ఇప్పుడు ఆవిడ దృష్టిలో అబద్ధం రాసింది నేను.”

కింద వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అది అందుకోవడం లేదు.

సాయం పోతుందేమోననే మేస్త్రీ ఇంతసేపూ భయపడ్డాడు. ఇది అతనికి తట్టనే లేదు. తన అబద్ధం తన నోట్లోంచి వచ్చి, తిన్నగా వెళ్ళి పిల్ల నెత్తిన కూర్చుంది. చిన్నప్పుడు పెన్సిలు ముక్క పక్కపిల్లది పొరపాటున వస్తే, మళ్ళీ బడి దాకా నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చిన పిల్ల అది. వీధిలో కుంటుతున్న కుక్కని చూసి, కట్టు కట్టేదాకా అన్నం ముట్టని పిల్ల. పశువుల డాక్టరు చదువు అంటే అందరూ నవ్వారు, అది మాత్రం పట్టు విడవకుండా చదివి సీటు తెచ్చుకుంది. సీటు తెచ్చుకోవడం దాని వంతు, ఫీజు తన వంతు. తన వంతు తను ఎలా నిర్వహించాడో ఇదిగో, గోడ నుంచి గోడ దాకా కనిపిస్తూనే ఉంది.

“రేపు పొద్దున్నే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయండి,” అంది భార్య మెల్లగా. “తప్పయిందమ్మా, అది మాది కాదు, సిగ్గుపడి అలా అన్నాను అని చెప్పండి. వాళ్ళూ మనుషులే కదా.”

“ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావే?”

“ఉన్న మొహమే.”

“నీకు తేలిగ్గానే ఉంటుంది. నేను అబద్ధాలకోరుని అని నా కూతురి కాలేజీకి వెళ్ళి నా నోటితో చెప్పుకోవాలా? రేపు ఆ గేట్లోంచి ఇది పోతుంటే, అదుగో, అరువు సోఫా మేస్త్రీ కూతురు అని వేలెత్తి చూపించరూ? పైగా ఆ సోఫా ఎవరిది అంటే ఏం చెప్పను? లాయరుగారిది, వాళ్ళకి తెలియకుండా నా ఇంట్లో వేసుకున్నాను అని చెప్పనా? ఆ మాట వాళ్ళ చెవిన పడితే ఈ చుట్టుపక్కల ఎవడైనా నా షెడ్డుకి సోఫా పంపిస్తాడా? జనం నన్ను నమ్మి సామాను వదిలి పోతారే! నా దగ్గరున్నది అదొక్కటే…”

మేస్త్రీ ఏడవడం పిట్ట ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ పూర్తిగా ఏడవలేదు. తుడిచేసిన కప్పునే మళ్ళీ తుడుస్తూ గోడవైపు తిరిగాడు.

“వద్దమ్మా,” అంది పిట్ట. “నాన్న ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. వదిలెయ్.”

“వదిలేస్తే నీ చదువు?”

“వదిలెయ్ అన్నాగా.”

మేస్త్రీ గోడవైపు నుంచి తిరగలేదు. పిల్ల ఆ మాట అనగానే, గుండెల మీది బరువు ఎవరో దించినట్టు అనిపించింది అతనికి. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. పిల్ల భవిష్యత్తు పోతుంటే హమ్మయ్య అనుకునే తండ్రి ఉంటాడా? ఉన్నాడు. సింకు ముందు, చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ వంటగదిలోనే తిన్నారు. సోఫా మీద ఎవరూ కూర్చోలేదు.

*

పొద్దున్నే ట్రాలీ వచ్చింది. పిట్ట అప్పటికే తయారై, “లైబ్రరీకి వెళ్తున్నా” అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయింది. తండ్రి మొహం చూడలేదు. సోఫా దింపడానికి మేస్త్రీ ఒక పక్క, ట్రాలీ డ్రైవరు ఇంకో పక్క, మలుపు దగ్గర గోడకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టడానికి భార్య. సోఫా ఎక్కినంత సుళువుగా దిగలేదు. రెండో మలుపులో ఇరుక్కుపోయి, అటూ ఇటూ కదలనని మొండికేసింది.

సరిగ్గా అప్పుడే కింది వాటా తలుపు తెరుచుకుంది.

“అదేంటి మేస్త్రీ, నిన్ననేగా పైకెక్కించారు! అప్పుడే దింపేస్తున్నారేం?” అంది పెద్దావిడ.

“చిన్న పనుందండీ, షెడ్డుకి తీసుకెళ్తున్నాం,” అన్నాడు మేస్త్రీ, సోఫా కింద నుంచి.

“అలాగా! నిన్న మీ ఆవిడ కప్పులు పట్టుకెళ్తే అనుకున్నా, పెళ్ళిచూపులేమోనని. ఇంతకీ కుదిరిందా?”

భార్య పెదవి కొరుక్కుంది. “పెళ్ళిచూపులు కాదు పిన్నిగారూ. పిల్ల చదువు గురించి ఒకరొచ్చారు.”

“చదువు కోసమా ఈ సోఫా?” పెద్దావిడ నిజంగానే అర్థం కాక అడిగింది. వెటకారమేమీ లేదు. వెటకారం లేకపోబట్టే ఆ ప్రశ్న మేస్త్రీకి సూటిగా తగిలింది. డ్రైవరు నవ్వు ఆపుకోవడం అవతలి పక్క నుంచి వినిపించింది.

లాయరుగారి ఇంట్లో లాయరుగారి భార్య సోఫా చుట్టూ తిరిగి చూసి మురిసిపోయింది. గుండీలు తడిమి చూసింది. తోలు వాసన పీల్చింది.

“ఎంత బాగా వచ్చింది! షెడ్డులో దుమ్మూ ధూళీ పడలేదుగా? ఎవరూ కూర్చోలేదుగా?”

“లేదమ్మా.”

“నాకు తెలుసులే. నీ దగ్గరైతే ఆ భయం లేదు. అందుకే మా చెల్లెలి వాళ్ళక్కూడా నీ సంగతే చెప్పాను.”

డబ్బు చేతిలో పెట్టి, ఇంకో పని కూడా ఉందని, వచ్చే వారం వచ్చి కొలతలు తీసుకొమ్మని చెప్పింది. సరేనమ్మా, సరేనమ్మా అంటూ మేస్త్రీ వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటాడు. గేటు బయట నిలబడ్డాక, కాళ్ళు షెడ్డు వైపు సాగలేదు.

నిన్న ఒక అబద్ధం, ఇవాళ ఇంకొకటి. అడిగేవాళ్ళుంటే ఇలా రోజూ చెప్పుకుంటూ పోతాడు కాబోలు. ఎక్కడో ఒకచోట ఆగకపోతే తను ఇక మనిషి కాడని అనిపించింది. ధైర్యం వచ్చిందని కాదు. సిగ్గు ఎక్కువై, ఇక మోయలేక, ఎక్కడైనా దింపుకోవాలని అనిపించింది. ట్రాలీ డ్రైవరుని అడిగాడు, “కాలేజీ వైపు వెళ్తున్నావా?”

*

సాయం ఆఫీసు కాలేజీలో వెనక భవనంలో ఉంది. బయట వరండాలో బెంచీలు, బెంచీల మీద అమ్మలూ నాన్నలూ. అందరి ఒళ్ళోనూ ఒకేలాంటి ఫైళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఒకాయన వేలి ఉంగరాన్ని రాయి లోపలికి ఉండేలా మెల్లగా తిప్పుకున్నాడు. పక్కనే ఒకావిడ, మంచి చీర కట్టుకొచ్చినందుకు చిన్నబోయినట్టు, కొంగుని పదే పదే సర్దుకుంటోంది. మేస్త్రీ తన చొక్కా చూసుకున్నాడు. సోఫా మోసిన చొక్కా, చంకలో చిరిగింది. ఇలాంటి చోటికి ఇలా రావడం జీవితంలో ఇదే మొదటిసారి.

పిలిచారు. లోపల బల్ల వెనకాల నిన్నటి మేడమే ఉంది. గుర్తుపట్టి, “మీరా? కూర్చోండి” అంది. కానీ నిన్నటి నవ్వు లేదు.

“వద్దమ్మా. నిలబడే చెప్తాను.”

“చెప్పండి.”

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. బల్ల మీదున్న పేపర్‌వెయిట్‌కేసి చూస్తూ మొదలుపెట్టాడు.

“నిన్న మీరు చూసిన సోఫా మాది కాదమ్మా.”

మేడమ్ రాస్తున్న పెన్ను ఆపింది.

“ఒకరికి చేసిచ్చేది. ఇవాళ పొద్దున్నే వాళ్ళకి ఇచ్చి వస్తున్నాను. కప్పులు కింది వాటావాళ్ళవి. మా కుర్చీలు డాబా మీద పెట్టాం. మీరొస్తారని…” ఊపిరి తీసుకున్నాడు. “మీరు మమ్మల్ని తక్కువగా చూడకూడదని అలా చేశానమ్మా. అడిగితే మాదేనన్నాను. నా పిల్ల రాసింది అక్షరం అక్షరం నిజం. అబద్ధం నాది. శిక్షేదైనా ఉంటే నాకు వెయ్యండి, దానికి మాత్రం వెయ్యకండి.”

చెప్పేశాడు. భూమి చీలలేదు, పైకప్పు కూలలేదు. పక్క బల్ల దగ్గర గుమాస్తా ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. అంతే. ఇంత చిన్న పనికా రాత్రంతా చచ్చాను అనుకునేలోపే మేడమ్ నోరు విప్పింది.

“మేస్త్రీగారూ, నిన్న మీరు చెప్పిందీ మీ నోటితోనే. ఇవాళ చెప్తున్నదీ మీ నోటితోనే. నేను దేన్ని నమ్మాలి?”

ఆవిడ కోపంగా అనలేదు. మామూలుగా అడిగింది. మేస్త్రీ దగ్గర జవాబు ఒక్కటే ఉంది. అది చెప్తే షెడ్డుకి తాళం వేసుకోవాల్సిందే. లాయరుగారి భార్య పొద్దున్న అన్న మాటలు చెవుల్లో గింగిరాలు తిరిగాయి. జేబులోంచి ఫోను తీశాడు.

“ఇదిగోనమ్మా, సోఫాగలవాళ్ళ నంబరు. లాయరుగారు. మీరే చేసి అడగండి. ఎవరూ కూర్చోలేదని వాళ్ళకి కూడా పొద్దున్న అబద్ధమే చెప్పొచ్చాను. అదీ చెప్పండి. నా పని పోతే పోతుంది.”

మేడమ్ ఆ ఫోను వంక, అతని మొహం వంక మార్చి మార్చి చూసింది. బల్ల మీది టెలిఫోను అందుకోబోయి, ఆగింది.

“దానికి ముందు మీకొక సంగతి తెలియాలి. పొద్దున్న ఆఫీసు తెరవగానే మీ అమ్మాయి వచ్చింది.”

“మా పిట్టా? లైబ్రరీకని చెప్పిందే!”

“తను రాసిన కాగితంలో ఇంటి గురించిన మాటలు అబద్ధమంది. జాలి కోసం అలా రాశానంది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానంది. తీసుకుంటే ఈ ఏడాది మళ్ళీ తెరవడం కుదరదని చెప్పాను. అయినా సరేనంది. పక్క గదిలో ఆ కాగితమే రాస్తోంది.”

మేస్త్రీ ఇందాక వద్దన్న కుర్చీ అంచుని పట్టుకున్నాడు. “అది అబద్ధం చెప్తోందమ్మా. నా కోసం… నేను నిన్న ఇంట్లో ఏదో అన్నాను, అది విని…”

“మీరు మాట్లాడకండి. ఆ అమ్మాయినే అడుగుతాను.” గుమాస్తా వైపు తల ఊపింది. అతను లేచి పక్క గది తలుపు తీశాడు.

పిట్ట వచ్చింది. చేతిలో కాగితం, రెండో చేతిలో పెన్ను. తండ్రిని చూసి గుమ్మంలో ఆగింది. చిరిగిన చొక్కా చూసింది, కుర్చీని పట్టుకున్న చెయ్యి చూసింది. ఇక్కడికి ఎందుకొచ్చాడో, ఏం చెప్పాడో దానికి తెలియదు. తెలియజెప్పాలని మేస్త్రీ నోరు తెరిచాడు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

“చూడమ్మా. మీ ఇంట్లో సోఫా లేదని నువ్వు రాశావు. నిన్న మీ నాన్నగారు అది మీదేనన్నారు. ఆయన ఎదురుగానే అడుగుతున్నాను. ఏది నిజం?”

పిట్ట మళ్ళీ తండ్రి వైపు చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి, కాగితాన్ని మేడమ్ ముందు పెట్టి, సంతకం పెట్టాల్సిన చోట పెన్ను ఆనించింది.

“మా నాన్న అబద్ధం చెప్పరండీ,” అంది, గొంతు వణక్కుండా.